ఏడో మలుపు

ఏడో మలుపు దగ్గర అంజిలయ్య చీపురు ఆగిపోయింది.

నున్నటి నల్లటి ట్రాకు మీద పళ్ళెమంత మేర తడి. వాన పడలేదు. నీళ్ళ ట్యాంకరు రాలేదు. వంగి అరచెయ్యి ఆనించాడు. చల్లగా తగిలింది. ఆ చోట రోడ్డు వేలి మందాన కుంగి ఉంది.

"ఏందయ్యా, గక్కడ్నే నిలవడ్డవ్?" అంటూ వెనక నుంచి భార్య బాలనర్సమ్మ వచ్చింది. తడి చూసింది. నడుముకు దోపుకున్న గుడ్డ తీసి గబగబా తుడిచేసింది.

"నడువ్," అంది.

ఇబ్రహీంపట్నం శివారులో ఆ ట్రాకు వేసి ఏడాది కాలేదు. విమానాశ్రయం, రింగురోడ్డు వచ్చాక ఇటువైపు ఎకరాల లెక్క పోయి గజాల లెక్క వచ్చింది. ఇప్పుడు ఏకంగా ప్రపంచంలోకెల్లా వేగమైన కార్ల రేసే వచ్చింది. శుక్రవారం ప్రాక్టీసు. శనివారం ఎవరి కారు ముందు నిలబడాలో తేల్చే పరుగు. ఆదివారం అసలు రేసు. మధ్యమధ్యలో ట్రాకు ఊడ్చడానికి భూములిచ్చిన వాళ్ళనే పెట్టుకున్నారు. ఏడో మలుపు అంజిలయ్య దంపతులది. ఆరేళ్ళ కిందట అది వాళ్ళ చెలకే.

"మీ చెల్కల మీకే జీతమిస్తుండ్రు. నసీబంటె మీదేనే!" అని నవ్వింది ఆరో మలుపు ఊడ్చే వజ్రమ్మ. "గా బ్రోకర్ రాంచంద్రగాడు జూడు, అందరి ఏలుముద్రలు గుంజుకోని దుబాయ్‌ల మజా జేస్తుండు. మనం గిట్ల రోడ్లూడ్వవడ్తిమి."

బాలనర్సమ్మ తల వంచుకుని గబగబా ఊడవసాగింది.

ప్రాక్టీసు మొదలైంది. మూడు వందల కిలోమీటర్ల వేగంతో వచ్చిన ప్రతి కారూ ఏడో మలుపులో సరిగ్గా ఆ చోటే చక్రం పెడుతోంది. పెట్టినప్పుడల్లా అంజిలయ్య కళ్ళు మూసుకున్నాడు.

సాయంత్రం కంచం ముందు కూర్చుని అన్నాడు. "కార్లన్ని మనం పూడ్చిన బాయి మీదికెల్లే పోతున్నయే. ఈ యేడు చెరువు నిండి మత్తడి దుంకింది. బాయిల ఊట లేసింది. పూడ్చిన మట్టి జారుతుంది."

"జారనీ."

"ఐతారం దాక ఆగదే. గా పోరగాళ్ళు సస్తరు."

"నువ్వు నోరు తెరిస్తే మనమేమైతమో ఎర్కనే గదా?" ఆమె కూర వడ్డించింది. సగం కంచం బయట పడింది. "నువ్వేం జూడలే. నేనేం జూడలే. తిను."

అతను తినలేదు.

శనివారానికి రోడ్డు ఇంకాస్త కుంగింది. ఒక ఎర్రకారు అక్కడ ఎగిరిపడి, గిర్రున తిరిగి, గోడకు జానెడు దూరంలో ఆగింది. హెల్మెట్ తీసి బయటికి వచ్చిన కుర్రాడికి ఇరవై ఏళ్ళుంటాయేమో. చీపురు పట్టుకుని బిక్కచచ్చి నిలబడ్డ అంజిలయ్యను చూసి నవ్వాడు. ఎవరో నేర్పినట్టున్నారు, రెండు చేతులూ జోడించి దండం పెట్టాడు.

టైరు లోపమని అందరూ తేల్చేశారు. అంజిలయ్యకు మాత్రం ఆ దండం ముల్లులా దిగింది.

ఆదివారం, రేసుకు మూడు గంటల ముందు, అంజిలయ్య వెళ్ళి ట్రాకు ఇంజినీరు వినీత్ ఎదుట నిలబడ్డాడు. వెనకే వచ్చిన బాలనర్సమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"సారూ, ఏడో మలుపు కింద మోటబాయి ఉన్నది. నలభై అడుగుల లోతు."

వినీత్‌ది విజయవాడ నుంచి వచ్చి బడంగ్‌పేట్‌లో స్థిరపడిన కుటుంబం. అనుమానమొస్తే వదిలే రకం కాదు. మ్యాపు పరిచాడు. "ఇక్కడ బావేమీ లేదే పెద్దాయనా! సర్వేలో కూడా రాలేదు."

"సర్వేకు ముందుగాల్నే పూడ్చినం."

"అదేంటి? బావికి వేరే పరిహారం ఇచ్చారు కదా! లేని బావులు చూపించి తీసుకున్నవాళ్ళున్నారు. ఉన్న బావిని ఎవరైనా పూడ్చుకుంటారా?"

"అప్పట్ల గంత తెలివి లేకపాయె సారూ," అన్నాడు అంజిలయ్య తల దించుకుని.

వినీత్ డ్రిల్లు తెప్పించి బెజ్జం వేయించాడు. అందులోకి దింపిన ఇనప కడ్డీ అడ్డూ ఆపూ లేకుండా జారిపోయింది.

ఆ తరువాత అందరూ పరుగులే. కుంగిన చోటును టైర్ల గోడతో మూసేశారు. కార్లు మలుపు అవతలి అంచు నుంచి పోయేలా దారి మార్చారు. రేసు రెండు గంటలు ఆలస్యంగా మొదలైంది. నలభయ్యో రౌండులో ఆ గోడ వెనక తారు ఫెళ్ళున విరిగి లోపలికి దిగిపోయింది. అప్పటికి దాని మీద ఎవరూ లేరు. ఎర్రకారు కుర్రాడు మూడోవాడిగా వచ్చి, గాల్లోకి ఎగిరి గంతేశాడు.

వినీత్ పరుగున వచ్చి అంజిలయ్య చేతులు పట్టుకున్నాడు. "ఎన్ని ప్రాణాలు కాపాడావు పెద్దాయనా! పేపర్ల వాళ్ళు నీ కోసమే వస్తున్నారు. రేపు పొద్దున్నే జేసీబీలు పెట్టి ఆ బావిని అడుగుదాకా తవ్వించేస్తాను. మొదటి కొబ్బరికాయ నువ్వే కొట్టాలి!"

"కొడ్త సారూ."

బాలనర్సమ్మ ఉన్నచోటే చతికిలపడింది. అంజిలయ్య వెళ్ళి పక్కన కూర్చున్నాడు. ఆమె చేతిలోంచి చీపురు మెల్లగా తీసి పక్కన పెట్టాడు.

"ఇంటి తాళంచెవి వజ్రమ్మకిద్దాం. బర్రెకు నీళ్ళు వెడ్తది," అన్నాడు.

ఆ బావి అడుగున, రాళ్ళ కింద, మట్టి కింద, ఆరేళ్ళుగా దుబాయ్‌లో మజా చేస్తున్న రాంచంద్ర ఉన్నాడు.