పానా లేని పూజ

ఏటా ఆయుధపూజకు మా ఆయన వీరాచారి ప్రతి మిషనుకూ దాని పానాను పసుపుదారంతో కట్టి పీటమీద పెట్టేవారు. ఇప్పటి మాట్లాడే మిషన్లతో పానా ఇవ్వరు. బ్లేడు వదులైతే కంపెనీ మనిషే వచ్చి బిగించాలి.

పదిరోజులుగా రంపం మిషను వణుకుతోంది. నిన్న ఆయన బొటనవేలు తెగడం కొద్దిలో తప్పింది.

"బ్లేడు బిగించు," అన్నారాయన దానితో.

"బిగించడానికి మీకు అనుమతి లేదు. మా మనిషి వచ్చేదాకా పని చేసుకోవచ్చు," అంది మిషను.

"విన్నావటే? కొయ్యొచ్చట, బిగించకూడదట. తెగితే వేలు కూడా కంపెనీయే తెచ్చిస్తుందేమో అడుగు."

పూజవేళ అయింది. కుంకుమ తీసుకుని దాని ముందు కూర్చున్నాను. చెయ్యి లేవలేదు. మన చేతికి లొంగనిది మన పనిముట్టు ఎలా అవుతుంది స్వామీ?

కుంకుమ పాత చేతిరంపానికి పెట్టాను. పసుపుదారం ఆయన బొటనవేలికి కట్టాను.