నాలుగో గుంపు నమూనా

వీడియోలో పిల్ల ఒక అట్టముక్క తీసింది. దాని మీద గుర్రం బొమ్మ ఉంది. బల్ల మీద ఉన్న ఇంకో గుర్రంతో దాన్ని జత చేయాలి. చేయబోయి ఆగింది. ముక్కను ఎక్కడిదక్కడే వదిలేసింది.

"ఏ గుంపు?" అన్నాడు పెద్దసారు.

కొత్తగా చేరిన అమ్మాయి ఇంకా తెర వంకే చూస్తోంది.

"నాలుగని చెప్పెయ్యి తల్లీ," అంది పక్క కుర్చీలోంచి కళ్లజోడు అక్క. "ఆ పిల్ల నాలుగో గుంపని ఈ ఆఫీసులో కుర్చీలక్కూడా తెలుసు."

అందరూ నవ్వారు. పెద్దసారు నవ్వలేదు.

అది పిల్లల చదువు మీద పరిశోధన చేసే ఆఫీసు. వీడియోలు చూసి ఒక్కో పిల్లని ఒక్కో గుంపులో వేయడం అక్కడి పని. చెప్పకుండానే నేర్చుకునేవాళ్లు మొదటి గుంపు. చెబితే నేర్చుకునేవాళ్లు రెండు. పదేపదే చెప్పాల్సినవాళ్లు మూడు. ఎంత చెప్పినా రానివాళ్లు నాలుగు.

గుంపులు కట్టింది పెద్దసారే. వయసులో ఉన్నప్పుడు, ఏదో తెలుసుకుందామని కట్టాడు. తర్వాత బళ్లు వాటిని పట్టుకున్నాయి. నాలుగో గుంపు పిల్లలకు అక్షరాలు చెప్పడం మానేసి, చేతిపని షెడ్డుకు పంపడం మొదలుపెట్టాయి.

గుంపుకో నమూనా వీడియో ఉంది. పని మొదలుపెట్టే ముందు రోజూ అందరూ వాటిని చూడాలి. తూకం వేసే ముందు రాయి సరిచూసుకున్నట్టు. నాలుగో గుంపుకు నమూనా ఈ పిల్లే. ఈ పిల్లలా ఎవరు కనబడితే వాళ్లు నాలుగు.

కొత్తమ్మాయి తమ్ముడిని కూడా అలాగే నాలుగులో వేశారు. వాడిప్పుడు షెడ్డులో అట్టపెట్టెలకు జిగురు పూస్తున్నాడు. "అక్కా, నా పేరు రాయడం మర్చిపోతున్నానే," అన్నాడు మొన్న. అన్నం తింటూ అన్నాడు. ఏడవనైనా లేదు.

వాడు బయటికి రావడానికి ఒక్కటే దారి. నమూనా తప్పని తేలితే, దాన్ని చూసి వేసిన పిల్లలందరినీ మళ్లీ చూడాలి. ఆ నియమం కూడా పెద్దసారు పెట్టిందే. ఆమె ఈ ఉద్యోగంలో చేరింది అందుకే.

"ఇంకోసారి వెయ్యండి సార్."

"కొత్త బిచ్చగాడు పొద్దెరగడని," అంది అక్క. "మాకు పనుంది తల్లీ."

పెద్దసారు మళ్లీ వేశాడు.

"ఇక్కడ ఆపండి సార్. చెయ్యి చూడండి. సరైన చోటికే పోయింది. ఇప్పుడు కళ్లు చూడండి. కెమెరాలోకి కాదు, కెమెరా పక్కకి. పైకి. అక్కడెవరో నిలబడి ఉన్నారు. ఒక్క గుర్రానికే కాదు, ప్రతి ముక్కకీ అలాగే చూసింది. ఏది ఎక్కడ పెట్టాలో ఈ పిల్లకి తెలుసు సార్. పెట్టొచ్చో లేదో తెలీడం లేదు."

అక్క కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకుంది.

"నిజమేనే," అంది మెల్లగా. "ఇన్నేళ్లూ నేను చేతులే చూశాను."

"చూడాల్సింది చేతులే," అన్నాడు పెద్దసారు. "చూపులు లెక్కలోకి రావు."

"అక్కడ నిలబడింది ఎవరు సార్?"

"పాత సంగతి. ఎవరో ఒకరు."

"పోనీ, ఆ పిల్లనే మళ్లీ పిలిచి చూద్దాం. ఇప్పుడు పెద్దదై ఉంటుంది. కన్నవాళ్లు ఒప్పుకుంటే పిలవచ్చని మీ నియమంలోనే ఉంది కదా."

"ఒప్పుకోరు."

"ఇల్లెక్కడో చెప్పండి. నేను పోయి కాళ్లు పట్టుకుంటాను. వాళ్లమ్మని అడుగుతాను."

"తల్లి పోయింది."

"తండ్రో?"

"ఉన్నాడు."

"కూతుర్ని ఇంకోసారి చూడమని ఇన్నేళ్లలో ఒక్కసారీ అడగలేదా ఆయన?"

"అడగలేదు."

"ఏం మనిషి సార్."

పెద్దసారు తెర వంక చూశాడు. తెర మీద పిల్ల కళ్లెత్తి అలాగే ఆగిపోయి ఉంది. ఆయన వీడియో కట్టేశాడు.

"చదువుకున్నవాడే," అన్నాడు.

పెద్దసారు గొంతు సవరించుకున్నాడు.

"చూడమ్మాయ్. నమూనా దగ్గర అందరి మాటా ఒకటే కావాలి. అలా కలవనివాళ్లతో ఇక్కడ పని నడవదు. నువ్వు రేపు కూడా రావాలనుకుంటే చెప్పు. ఏ గుంపు?"

అక్క బల్ల కింద ఆమె చెయ్యి పట్టుకుని నొక్కింది. ఒక్క మాట అనేస్తే అయిపోతుంది. లోపల ఉంటే ఎప్పుడో ఒకప్పుడు తమ్ముడికి ఏదైనా చేయొచ్చు. బయటికి పోతే అదీ లేదు. కానీ నాలుగంటే, వాణ్ని కూడా నాలుగన్నట్టే.

"రెండు," అంది.

"సరే. నువ్వు వెళ్లొచ్చు."

ఆమె సంచీ తీసుకుని లేచింది. తలుపు దగ్గర ఒకసారి ఆగింది. ఎవరైనా ఏమైనా అంటారేమోనని. ఎవరూ అనలేదు. వెళ్లిపోయింది.

పెద్దసారు మళ్లీ మొదటి నుంచి వీడియో పెట్టాడు.

"ఏ గుంపు?"

"నాలుగు," అన్నారు అందరూ. కళ్లజోడు అక్క కాస్త ఆలస్యంగా అంది. కానీ అంది.

సాయంత్రం ఆయన ఇంటి తలుపు తీసేసరికి, బల్ల దగ్గర ఒక్కతే కూర్చుని తింటున్న పెళ్లీడు దాటిన కూతురు ముద్దను నోటిదాకా తెచ్చి ఆపి, తినొచ్చా అన్నట్టు కళ్లెత్తి నాన్న మొహంలోకి చూసింది.