మోకాలికి తగిలే రాడ్డు

"ఈ రాడ్డు పీకెయ్యవయ్యా బాబూ! బ్రేకు తొక్కినప్పుడల్లా నా మోకాలికి కొట్టుకుంటోంది," అన్నాడు అన్నయ్య, మెకానిక్ షెడ్డులో కారు దిగీ దిగకముందే.

ఆ రాడ్డు పెడల్స్‌కు బిగించినది. కాళ్లు కదలని చెల్లెలు దాన్ని చేత్తో నెట్టి బ్రేకు వేస్తుంది, లాగి వేగం పెంచుతుంది. కారు ఆమె జీతంతో కొన్నదే. కానీ అది తిరిగేది అన్నయ్యగారి షికార్లకు. ఆమె ఆఫీసుకు వెళ్లేది అద్దె బండిలో.

"నీకెందుకమ్మా ఈ శ్రమ? ఎక్కడికి కావాలన్నా నేను దింపనూ?" అన్నాడు, పక్కనే చక్రాల కుర్చీలో ఉన్న చెల్లెలితో మహాత్యాగిలా. ఇలాంటి దయామయుల చెయ్యి ఎప్పుడూ ఎదుటివాళ్ల తాళంచెవి మీదే ఉంటుంది.

మెకానిక్ ఆమె వైపు తిరిగాడు. "మీరేమంటారమ్మా?"

"పాపం, అన్నయ్య మోకాలికి మళ్లీ దెబ్బ తగలకూడదండీ."

చెల్లెలు దారికొచ్చిందని మురిసిపోతూ అన్నయ్య టీ తాగడానికి వెళ్లాడు. ఆమె మెకానిక్‌ను దగ్గరికి పిలిచి, చేయాల్సిన పని చెప్పింది.

అన్నయ్య తిరిగొచ్చి దర్జాగా స్టీరింగు ముందు కూర్చున్నాడు. కాలు చాపితే ఠంగుమంది. పెడల్స్‌ను పూర్తిగా కప్పేస్తూ ఇనప రేకు, దానికి బోల్టులు. రాడ్డు మాత్రం ఉన్నచోటే ఉంది.

"ఇదేంటయ్యా! నా కాలెక్కడ పెట్టుకోను?"

చక్రాల కుర్చీ తలుపు దాకా తెచ్చుకుని చెల్లెలు చెయ్యి చాపింది.

"తాళంచెవి ఇటిచ్చి పక్క సీట్లోకి జరుగన్నయ్యా. అక్కడ నీ మోకాలికేమీ తగలదు. ఎక్కడికి కావాలన్నా నేను దింపనూ?"