తిప్పిన కుర్చీ

"కుర్చీ గోడవైపు తిప్పవయ్యా" అన్నారాయన, కూర్చుంటూనే.

తువ్వాలు దులుపుతున్నవాణ్ణి ఆగిపోయాను. పిచ్చి అని ముద్ర వేస్తారని మా పేటలో ఎవరూ మనసు డాక్టరు దగ్గరికి వెళ్లరు. అందుకే ఒక మనసు డాక్టరుగారే మాలాంటి సెలూన్ల వాళ్లకి శిక్షణ ఇచ్చారు. అద్దంలో తన మొహం కనిపిస్తుంటే మనిషి గోడు చెప్పుకోలేడు, కుర్చీ తిప్పి అడగమన్నారు.

తిప్పాను. గడ్డానికి నురగ రాస్తూ, "నిద్ర పడుతోందా సార్?" అన్నాను.

"పడుకున్నాక మళ్లీ లేవకపోతే బాగుణ్ణనిపిస్తోంది."

"ఎవరికైనా చెప్పారా?"

"అందరూ నాకే చెప్పుకుంటారు. నేనెవరికి చెప్పను?"

కత్తి సొరుగులో పెట్టి తాళం వేశాను. శిక్షణలో చివరి మాట గుర్తొచ్చింది: "ఎవరైనా చావు మాట ఎత్తితే క్షణం ఆగొద్దు. నా దగ్గరికి తీసుకురండి."

ఆ మాట చెప్పిన డాక్టరుగారే నా కుర్చీలో ఉన్నారు.