వైవా రోజు చాయ్

“ఎక్స్‌టర్నల్ సారు కాజీపేటల దిగిండట. నువ్వు జర కూసో బిడ్డా, గట్ల తిరిగితె కాళ్లు నొస్తయి,” అన్నాడు పోశయ్య, బల్ల మీద గుడ్డ పరుస్తూ.

రాజనీతిశాస్త్ర విభాగంలో ముప్పై ఏళ్లు అటెండరుగా చేసి నిరుడే రిటైరయ్యాడాయన. అయినా ఇవాళ ఏర్పాట్లన్నీ ఆయనవే. థీసిస్ ఎంత బాగున్నా సమోసా చల్లారితే ఎక్స్‌టర్నల్ మొహం మాడుతుందని ఆయన నమ్మకం.

వినయ్ కూర్చోలేదు. చేతిలో మూడు వందల పేజీల థీసిస్. ఫెడరల్ వ్యవస్థ, ప్రాంతీయ ఉద్యమాలు. ఐదేళ్ల కష్టం. వచ్చే పెద్దమనిషి కాదంటే అంతా బూడిదలో పోసిన పన్నీరే.

“కాకా, ఆర్టికల్ మూడు అడిగితే?”

“అడగనీ. కొత్త రాష్ట్రం చెయ్యాల్నంటె శాసనసభ అభిప్రాయం అడుగుతరు. అడిగినంక గట్లనే చెయ్యాల్నని లేదు. కూరేం వండాల్నని మా ఇంటామె సమ్మమ్మ నన్ను అడిగినట్టే!”

వినయ్ నవ్వేశాడు. ముప్పై ఏళ్లు క్లాసు తలుపు దగ్గర నిలబడ్డవాడికి ఆమాత్రం ఒంటబట్టదా?

ఉద్యమం రోజుల్లో బందులకు హాస్టల్ మెస్ మూసేస్తే, తన సద్దిలో సగం వినయ్‌కు పెట్టింది ఈ పోశయ్యే. ఇవాళ తేడా వస్తే ఈ మనిషి ముందు తలెత్తుకోలేనని వినయ్ భయం.

“ఫికర్ జెయ్యకు. అంత మంచిగనే అయితది,” అన్నాడు పోశయ్య. కానీ పరిచిన గుడ్డనే మళ్లీ సవరించాడు.

ప్రొఫెసర్ కిషన్ రావు రానే వచ్చారు. కూర్చుని, పోశయ్య అందించిన కప్పు తీసుకుని ఒక గుక్క తాగారు.

“చాయ్ బాగుంది పెద్దాయనా.”

వినయ్ ఏదో చెప్పబోయాడు. పోశయ్య కళ్లతోనే ఆపాడు.

కిషన్ రావు థీసిస్ తెరిచి, అందులోంచి తల ఎత్తకుండానే మొదలుపెట్టారు. “నాలుగో అధ్యాయం. రఘునాథపల్లిలో రైలు పట్టాల మీద వంటావార్పు. అక్కడ కూర్చున్నవాళ్లకు రాజ్యాంగం తెలుసని ఇంత ధీమాగా ఎలా రాశారు?”

వినయ్ పోశయ్య వైపు చూశాడు.

“వినయ్ సారు నా గైడు. ఆడ కూసున్నది, గీ థీసిస్ రాసింది నేనే సార్,” అన్నాడు పోశయ్య.