కుంటి కాలు గాలి వైపుకి

"మళ్లీ మాడిందనుకో, ఈసారి దీంట్లో పూలమొక్కలు పెట్టేస్తా," అంది లవోనా.

ఆమె మొగుడు డెంజిల్ మూడుకాళ్ల ఇనప కుండని నిప్పుల మీద సర్దుకుంటున్నాడు.

ఆ కుండకి ఒక కాలు ఎప్పుడో విరిగితే ఎవరో అతికించారు. వంకరగా అతుక్కుంది. ఆ కుంటి కాలు నలుగురి కంటా పడకుండా అవతలికి, పొగ పోయే దిక్కుకి తిప్పి పెట్టాడు. ఎప్పుడూ అంతే.

ఏటా సెప్టెంబరు సెలవుకి సెడర్‌బర్గ్ కొండల కింద, నది ఒడ్డున గుడారాలు వేసుకుని వంటల పోటీకి ఇంటికో కుండ ఎక్కిస్తారు. ఓడినవాడు గెలిచినవాడి కుండని లోపలా బయటా తోమాలి.

ఏడేళ్లుగా డెంజిల్ తన బావమరిది కుండ తోముతున్నాడు.

ఆ బావమరిది ఎల్రాయ్ పక్క పొయ్యి దగ్గర్నుంచి కేకేశాడు.

"బావా, పీచు తెచ్చుకున్నావా? పోయినేడు నాది అడిగావు."

"నీ కోడి ఉడికిందో లేదో చూసుకో."

"నా కోడిలో దాచేదేం లేదు. ఎండు ఆప్రికాట్లు, అల్లం, ఒక సీసా బీరు. కావాలంటే రాసుకో. నీకు చెప్పినా నాకు భయం లేదు."

చుట్టుపక్కల గుడారాలన్నీ నవ్వాయి.

డెంజిల్ అడుగున గొర్రె మెడ ముక్కలు వేయించాడు. వాటి మీద ఉల్లి, దాని మీద ఆలుగడ్డ, అన్నిటికీ పైన మడుగుల్లో పూసే నీటిపూల మొగ్గలు, పులుపుకి గుప్పెడు పుల్లాకు. మూత పెట్టేశాడు.

ఇక గరిటె పెట్టకూడదు, మూత ఎత్తకూడదు. మాడిన సంగతి తినేటప్పుడు తెలియాల్సిందే.

అప్పుడొచ్చింది ఆ ముసలావిడ. వంతెన దగ్గర ఆగిన చర్చి బస్సులోంచి దిగినట్టుంది. చేతిలో మసిబారిన కెటిల్.

"నాలుగు నిప్పులిస్తావా బాబూ? కాఫీ కాచుకుంటా. నన్ను సన్నా అంటారు."

"తీసుకోండి ఆంటీ. నిప్పులకేం కరువు."

ఆవిడ నిప్పుల మాట మరిచి, కుండ చుట్టూ ఒక చుట్టు తిరిగింది. కుంటి కాలు దగ్గర వంగి చూసింది.

"ఎక్కడిది బాబూ ఈ కుండ?"

"మా అమ్మది. నా బాప్తిస్మం విందు దీంట్లోనే వండింది. నలభై ఆరేళ్లు."

"ఆ వేళ మాడలేదు," అంది ఆవిడ.

"మా అమ్మా అదే చెప్పేది. నా చేతిలోకొచ్చాకే దీనికేం రోగమొచ్చిందో."

"అమ్మ ఎలా ఉంది?"

"పోయి నాలుగేళ్లయింది."

ఆవిడ వంగి మంట ఎటు వాలుతోందో చూసింది.

"ఆ కుంటి కాలు గాలి వైపుకి పెట్టు బాబూ. అతుకు పైన కుండ పలచన. నువ్వేమో మంట వాలే వైపుకి పెట్టావు."

"మీ కాఫీ మీరు కాచుకోండి ఆంటీ. నా కుండ నేను చూసుకుంటా."

ఆవిడ నొచ్చుకోలేదు. కెటిల్లో నీళ్లు మరిగాక కాఫీ పొడి పోసింది. కణకణలాడే బొగ్గు ఒకటి అందులో పడేసింది. చుయ్‌మంది. పొడి అంతా అడుక్కి దిగిపోయింది. కప్పుల్లోకి వంచి, డబ్బాపాలు కలిపి, సంచిలోంచి మరూలా పళ్ల లిక్కరు తీసింది.

లవోనా ఒక గుక్క తాగి కళ్లు మూసుకుంది.

"లిక్కరు ఎంత పోశారు ఆంటీ?"

"బస్సులో మా పాస్టరుకి వాసన రానంత."

"మరి బొగ్గెందుకు?"

"వడకట్టే గుడ్డ మరిచిపోయిన రోజున తెలిసింది. అప్పట్నుంచీ గుడ్డ మానేశా."

ఆడవాళ్లు నవ్వుకుంటుంటే డెంజిల్ అటు ఎల్రాయ్ కుండ వాసన పట్టడానికి వెళ్లాడు.

తిరిగొచ్చేసరికి తన కుండ తిరిగి ఉంది. కుంటి కాలు ముందుకొచ్చి అందరికీ కనబడుతోంది.

"ఎవరు తిప్పారు దీన్ని?"

"నేనే," అంది ఆవిడ, చేతికి చుట్టుకున్న గుడ్డ విప్పుతూ.

"ఇంకొకరి కుండ ముట్టుకుంటారా ఎవరైనా? ఈ వయసొచ్చాక ఆ మాత్రం తెలీదా? లేవండి. మీ బస్సు దగ్గరికి వెళ్లండి."

లవోనా అతని చెయ్యి పట్టి లాగింది. అప్పటికే మాట నోరు దాటిపోయింది.

"నిజమే," అంది ఆవిడ. "ఇంకొకరిది ముట్టుకోకూడదు."

ఎందుకో నవ్వింది. కెటిల్ తీసుకుని నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగింది.

"ఇంకో గంట బాబూ. మూత మాత్రం ఎత్తకు."

డెంజిల్ కుండని మళ్లీ తిప్పబోయాడు. కుదురుకున్న కుండని కదిపితే ఉన్నదీ చెడుతుందని ఆగిపోయాడు.

గంట తర్వాత మూతలు తీశారు.

గుడారాల స్థలం ఆసామి ఒక్కో కుండలోంచి ఒక్కో చెంచా రుచి చూస్తూ వచ్చాడు. డెంజిల్ కుండ దగ్గర రెండో చెంచా తీసుకున్నాడు. మూడోదీ తీసుకున్నాడు.

"ఇదే," అన్నాడు, నోట్లో ముక్కతోనే.

లవోనా మొగుణ్ణి అందరి ముందూ ముద్దు పెట్టుకుంది. ఎల్రాయ్ లేచి పీచు వెతుక్కున్నాడు.

డెంజిల్ పళ్లెం నిండా వడ్డించుకుని వంతెన వైపు పరిగెత్తాడు.

బస్సు లేదు. దుమ్ము మాత్రం ఇంకా అణగలేదు.

పళ్లెంతోనే తిరిగొచ్చాడు. ఎల్రాయ్ నీళ్లలో మోకాళ్ల మీద కూర్చుని ఇసక పెట్టి రుద్దుతున్నాడు.

"బావా, దీన్ని బయట ఎప్పుడైనా తోమారా మీరు?"

"గెలిస్తే కదా, ఓడినవాడు తోమడానికి."

"కుంటి కాలు పైన ఏవో అక్షరాలున్నాయి. ఉలితో చెక్కారు." ఎల్రాయ్ బొటనవేలితో మసి తుడిచాడు. "సన్నా అని. ఎవరు బావా?"

డెంజిల్ చేతిలో పళ్లెం అలాగే ఉంది.

లవోనా అప్పటికే ఫోన్లో డెంజిల్ పిన్ని గెర్టీకి గెలిచిన సంగతి చెబుతోంది.

"పిన్నీ, మా అత్తయ్య కుండ మీద సన్నా అని పేరుంది. ఎవరావిడ?"

పిన్నిది పెద్ద గొంతు. పొయ్యి చుట్టూ ఉన్నవాళ్లందరికీ వినిపించింది.

"మీ అత్త పక్కింటావిడే. డెంజిల్ బాప్తిస్మానికని ఆవిడ కుండని మీ అత్త ఒక్క పూటకి అడిగి తెచ్చింది, మరుసటి వారమే మీ అత్తావాళ్లు ఊరు మారిపోయారు. ఏం, ఆ కుండ ఇంకా తిరిగివ్వలేదా?"