ఎడమ సీటు ముందు స్విచ్చి

పాత కారులోకి ఎక్కించిన జపాన్ ఇంజనుకు, దాన్ని నడిపే కంప్యూటరు దొరక్క, మెకానిక్ చంద్రరావు కార్బురేటరు బిగించాడు. వేగం అందుకున్నాక ఇంజనుకు ఇంకాస్త ఊపు వచ్చేలా వాల్వుల టైమింగ్ మార్చే స్విచ్చిని ఎడమ సీటు ముందు పెట్టాడు. తను తోలుతుంటే బావమరిది వీర్రాజు ఇంజను శబ్దం విని దాన్ని వేసేవాడు, వేగం తగ్గగానే ఆపేవాడు. వీర్రాజు పోయి నెలయింది.

"ఒక్కరే వెళ్తే స్విచ్చి ఎవరేస్తారండి?" అంది భార్య రామతులసి.

"వెయ్యన్లే. ఊరికే ఓసారి తిప్పి తెస్తాను."

చీకటి పడ్డాక పిఠాపురం రోడ్డు మీద వేగం పెంచాడు. అలవాటు కొద్దీ, "ఎయ్యరా" అన్నాడు.

స్విచ్చి టక్కుమంది. ఇంజను గొంతు మారింది.

చంద్రరావు ఎడమవైపు చూడలేదు. వేగమూ తగ్గించలేదు. తగ్గిస్తే అది మళ్లీ టక్కుమంటుంది.

ఎదురుగా రైల్వే గేటు పడుతోంది.